బ్యాటరీ వచ్చేదాకా

సర్వర్ గదిలోంచి బీప్ మొదలైందంటే స్కాన్ విభాగంలో నర్సులందరూ చెవులు మూసుకుంటారు. బాబాయ్ ఒక్కడు మాత్రం చేతిలో టీ గ్లాసు ఎక్కడ పెడుతున్నాడో కూడా చూసుకోకుండా లేచి పరిగెడతాడు. ఆస్పత్రిలో ఆయనకి బీప్ బాబాయ్ అని పేరు వచ్చింది అందుకే. మొదట్లో నర్సులు చాటుగా అనుకునేవారు, తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు డాక్టర్లు కూడా "మన బీప్ బాబాయ్ ఎక్కడ?" అనే అడుగుతారు. ఆయనకీ ఆ పిలుపు మీద కోపం లేదు. ఆస్పత్రిలో ఇంజినీర్ గారూ అని పిలిపించుకునేవాళ్ళు లిఫ్టు చూసేవాడితో కలిపి చాలామందే ఉన్నారు.

ఆ పొద్దున బీప్ మోగినప్పుడు ఆయన తలుపు తీసి, గదిలోని చల్లగాలిలోకి అడుగుపెట్టి, ముందు డిస్కుల వంక చూశాడు. అరలో నిలబెట్టిన పుస్తకాల్లా ఎనిమిదీ వరసగా ఉన్నాయి. ఎనిమిదింటికీ పచ్చ దీపాలే. ప్రాణం కుదుటపడింది. వాటిలో ఒకటి పోయినా భయం లేదు, రెండు పోయినా పరవాలేదు. పోయినవాటిలో ఏముందో మిగిలిన ఆరూ కలిసి లెక్కగట్టి చెప్పేస్తాయి. స్కాన్ తీసిన ప్రతి బొమ్మనీ ముక్కలు చేసి, ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటూ అన్నిటికీ పంచే కంట్రోలర్ కార్డు వాటి వెనక ఉంటుంది. ఈసారి జబ్బు దానికే చేసింది. వారం రోజులుగా పోతూ వస్తూ దోబూచులాడుతున్న దాని బ్యాటరీ ఇవాళ పూర్తిగా చచ్చిపోయిందని తెర మీద ఎర్ర అక్షరాలు చెబుతున్నాయి.

బాబాయ్ అలారం ఆపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ బ్యాటరీ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. కానీ దాని మీద చాలా ఆధారపడి ఉంది. స్కాన్ యంత్రం నుంచి బొమ్మ రాగానే కంట్రోలర్ దాన్ని తన జ్ఞాపకంలో పెట్టుకుని "రాసేశాను, ఇంక నువ్వు పోవచ్చు" అని చెప్పేస్తుంది. డిస్కుల మీద నిజంగా రాయడం ఆ తర్వాత, తీరిగ్గా. ఈలోపల కరెంటు పోతే ఆ జ్ఞాపకాన్ని కాపాడేది ఈ బ్యాటరీయే. బ్యాటరీ లేదని తెలిస్తే కంట్రోలర్ ఆ ధీమా మాటలు మానేస్తుంది. డిస్కుల మీద చివరి ముక్క కూడా రాశాకే "రాశాను" అంటుంది. బొమ్మలకి ఏ ప్రమాదమూ లేదు. కాకపోతే పని నత్తనడకన సాగుతుంది.

ఆయన బయటికి వచ్చేసరికి స్కాన్ కౌంటర్ ముందు జనం మెట్ల దాకా ఉన్నారు. కౌంటర్లో కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఒక బొమ్మ లోపలికి ఎక్కితే తప్ప తర్వాతి మనిషిని పిలవడానికి లేదు. ఆ చక్రం తిరిగే సందులో టోకెన్లు ఇచ్చే అమ్మాయి నడవా చివర డయాలసిస్ గదికి వెళ్ళింది. ఆమె అత్తగారికి అక్కడ వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేస్తారు. ముసలావిడకి చలి ఎక్కువ. దుప్పటి జారిపోతే మళ్ళీ కప్పే దిక్కుండదు.

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆస్పత్రి మొత్తానికీ ఆవిడే పెద్ద. జనాన్ని చూసింది, ఖాళీ కుర్చీని చూసింది. చేతికి కట్టు కట్టుకున్న మనిషొకడు అందుకున్నాడు.

"చూడండి డాక్టరమ్మా, పొద్దున్నుంచి ఒంటికాలి మీద నిలబడ్డాం. ఆవిడగారేమో షికారుకెళ్ళింది!"

"విరిగింది చెయ్యి కదయ్యా, ఒంటికాలి మీద ఎందుకు నిలబడ్డావ్?" అంది వెనక నుంచి ఒకావిడ. కొందరు నవ్వారు. పెద్ద డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

టోకెన్లమ్మాయి పరుగున వచ్చింది. "మేడమ్, సిస్టమ్ స్లోగా ఉంది. అది ఎక్కేలోపల ఒక్క నిమిషం అత్తయ్యని..."

"సీట్లో మనిషి లేకుండా సిస్టమ్ స్లో అంటే ఎవరు నమ్ముతారు? వారం నుంచీ ఇదే ఫిర్యాదు. స్కాన్ దగ్గర ఆలస్యం, స్కాన్ దగ్గర ఆలస్యం అని చెవులు చిల్లులు పడుతున్నాయి." పెద్ద డాక్టరమ్మ గొంతు పెంచలేదు. గొంతు పెంచకపోవడం వల్లే అందరికీ వినబడింది. "సోమవారం నుంచి పాత బిల్డింగ్‌కి వెళ్ళు. దుప్పట్ల లెక్క చూసుకో. శనివారం ఆర్డరు సంతకం చేస్తాను."

"అలా గడ్డి పెట్టాలి," అన్నాడు కట్టు కట్టుకున్న మనిషి.

పాత బిల్డింగ్ ఊరికి ఆ చివర ఉంటుంది. అమ్మాయి కుర్చీలో కూర్చుని, తెర మీద చక్రం ఆగిందో లేదో చూసి, తర్వాతి నంబరు పిలిచింది. సర్వర్ గది గుమ్మంలో నిలబడి అంతా విన్న బాబాయ్ రెండడుగులు ముందుకి వేసేసరికి పెద్ద డాక్టరమ్మ మెట్లు దిగిపోయింది.

జనం కాస్త పలచబడ్డాక అమ్మాయి కౌంటర్ అద్దంలోంచి పిలిచింది.

"బాబాయ్ గారూ, అత్తయ్యని ఇక్కడ దింపి, నేను ఆ చివరికి పోయి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళడం నా వల్ల అయ్యే పనేనా? బ్యాటరీ పోతోందనీ, స్టోరులో కొత్తది కొననివ్వలేదనీ మీరే అన్నారు, ఆలస్యం నా వల్ల కాదని మీకు తెలుసు. మీరొక్క మాట మేడమ్ చెవిన వెయ్యరూ?"

"వేస్తాను తల్లీ. ఇవాళే వేస్తాను," అన్నాడు బాబాయ్.

*

ముందు బ్యాటరీ సంగతి చూడాలి. బ్యాటరీ కావాలంటే స్టోరుకి వెళ్ళాలి. స్టోర్ ఆఫీసర్ ఆయనకి స్వయానా వియ్యంకుడు. బాబాయ్ ఒక్కగానొక్క కూతురు ఆ ఇంటి కోడలు. ఆఫీసులో ఒకరితో ఒకరు పనిపడే చోట వియ్యమందుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని బాబాయ్‌కి కూతురి పెళ్ళయిన వారానికే అర్థమైంది. ఇద్దరూ ఒక స్క్రూడ్రైవర్ కోసం కూడా నాలుగు మర్యాదలు ఇచ్చిపుచ్చుకోవాలి.

"రండి బావగారూ, రండి రండి! కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదా! ఒరేయ్, కుర్చీ తుడవండ్రా!"

"పరవాలేదు బావగారూ, నిలబడే ఉంటాను. చెల్లెమ్మగారు కులాసాయేనా?"

"మీ దయవల్ల. మీ అమ్మాయి చేతి కాఫీ తాగుతూ కులాసాకేం లోటండీ!"

కాఫీ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, అల్లుడి కొత్త కళ్ళజోడు గురించి మాట్లాడాక గానీ బ్యాటరీ దాకా రావడం కుదరలేదు. ఆ మాట వినగానే వియ్యంకుడి మొహం వికసించింది.

"నెల కిందట మీరు కొత్తది కొనమన్నప్పుడే నేనేమన్నాను? మన దగ్గరుంది బావగారూ, ఉన్నది వాడాకే కొత్తది అన్నాను. ఈ చేతుల్లో పడ్డ వస్తువు పాడవడమనేది ఉండదు."

నడుముకున్న తాళాల గుత్తి తీసి, గోడ అల్మారా తెరిచి, మెత్తని గుడ్డలో చుట్టిన చిన్న పెట్టెని రెండు చేతులతో బయటికి తీశాడు. సర్వర్‌తో పాటు వచ్చిన అదనపు బ్యాటరీ అది. సీలు కూడా చెక్కుచెదరలేదు. పసిబిడ్డని అందించినట్టు అందించాడు. నెల కిందట ఈ పెట్టె సంగతి మళ్ళీ విన్నప్పుడే బాబాయ్‌కి అనుమానం తగిలింది. చార్జ్ చెయ్యకుండా ఇన్నేళ్ళు మూలన పడున్న బ్యాటరీ బతికుంటుందా అని. కానీ ఆ మొహంలోని సంతోషం చూశాక నోరు పెగల్లేదు. తీసుకుని వచ్చేశాడు.

మధ్యాహ్నం స్కాన్లు ఆపే వేళ సర్వర్ ఆపి, మూత విప్పి, స్టాటిక్ కరెంటు తగలకుండా చేతికి పట్టీ తగిలించుకుని, పాత బ్యాటరీ ఊడదీశాడు. అది కొంచెం ఉబ్బి ఉంది. కొత్తదాన్ని గుచ్చి, తీగ తగిలించి, మూత బిగించాడు. కంట్రోలర్ లేస్తూనే డిస్కుల్ని ఒక్కొక్కటే పలకరించింది. ఎనిమిదీ పలికాయి. కొత్త బ్యాటరీ పక్కన "చార్జ్ అవుతోంది" అని వచ్చింది. అది నిండాక కంట్రోలర్ దాన్ని మొత్తం ఖాళీ చేసి, మళ్ళీ నింపి, సత్తా ఎంతో కొలుస్తుంది. రేపు పొద్దునకి గానీ తేలదు. అప్పటిదాకా నత్తనడకే.

పెద్ద డాక్టరమ్మ గది తలుపు తట్టేటప్పటికి బాబాయ్ మాటలు కూడబలుక్కునే ఉన్నాడు. లోపల ఆవిడకి ఎదురుగా, దస్త్రాలు పక్కన పెట్టుకుని, వియ్యంకుడు కూర్చుని ఉన్నాడు.

"మంచి టైముకొచ్చారు," అంది పెద్ద డాక్టరమ్మ. "డాక్టర్లు సిస్టమ్ ఈడుస్తోందంటున్నారు. కంపెనీవాడికి ఫోన్ చేశాను. బ్యాటరీ లేకపోయినా పరిగెత్తించే ఆప్షన్ ఒకటుందటగా? పెట్టేయండి."

"ఉంది మేడమ్. పెట్టకూడదు."

"ఎందుకని? జనరేటర్ ఉంది, యూపీఎస్ ఉంది. కరెంటు ఎక్కడికి పోతుంది?"

"యూపీఎస్‌లో ఉన్నది కూడా బ్యాటరీయే మేడమ్."

ఆవిడ పెదవి చివర నవ్వు కదిలింది. బాబాయ్ ధైర్యం చేసి కొనసాగించాడు.

"ఇప్పుడు కంట్రోలర్ రాశాకే రాశానంటోంది. మీరన్న ఆప్షన్ పెడితే రాయకముందే రాశానంటుంది. స్కాన్ యంత్రం దాని మాట నమ్మి తన దగ్గరున్న బొమ్మ చెరిపేసుకుంటుంది. ఆ క్షణంలో కరెంటు పోయిందనుకోండి, బొమ్మ ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. పోయిందని కూడా ఎవరికీ తెలియదు. ఏ డాక్టరో తెరిచి చూసినప్పుడు తెలుస్తుంది. నెమ్మదిగా ఉంటే తిడతారు మేడమ్, అంతే కదా. తిట్లు భరించొచ్చు."

పెద్ద డాక్టరమ్మ కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "సరే, అయితే పెట్టకండి. స్టోరు బ్యాటరీతో రేపటికి బాగవుతుందటగా. ఎలాగూ ఇవాళొక్కరోజు బాధే కదా."

ఇవాళొక్కరోజు కాదు మేడమ్, వారం నుంచీ ఇంతే, ఆ అమ్మాయి తప్పు కాదు అనాలి. నాలిక చివరి దాకా వచ్చింది. అంటే ఆవిడ మొదట అడిగేది, వారం నుంచీ తెలిసి మీరేం చేశారని. నెల కిందటే కొత్తది అడిగాననాలి. ఎవర్ని అడిగారంటుంది. ఎదురుగా వియ్యంకుడు, తను చెప్పింది చాలా బాగుందన్నట్టు తలాడిస్తూ, ఆప్యాయంగా చూస్తున్నాడు.

"ఇంకేమైనా ఉందా?" అంది పెద్ద డాక్టరమ్మ.

"లేదు మేడమ్."

మెట్లు దిగుతూ ఆయన, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పొచ్చు, రేపు చెప్పొచ్చు, శనివారం దాకా టైముందిగా అనుకున్నాడు. కింద కౌంటర్లో అమ్మాయి ఎవరిచేతనో తిట్లు తింటూనే కళ్ళు ఎత్తి చూసింది. ఆ చూపుకి ఏదో ఒకటి ఇవ్వక తప్పదనిపించింది.

"చెప్పేశానమ్మా," అన్నాడు.

అమ్మాయి భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా అవి అంత బిగిసి ఉన్నాయని ఆయన గమనించనేలేదు.

*

మర్నాడు పొద్దున తెర మీద మళ్ళీ ఎర్ర అక్షరాలు. కొత్త బ్యాటరీ నిండింది గానీ, ఖాళీ చేసి కొలవబోతే అరనిమిషంలో చేతులెత్తేసింది. సీలు విప్పకుండా దాచిన బ్యాటరీ, దాచిన చోటే చచ్చిపోయింది.

పెద్ద డాక్టరమ్మ గదికి తాళం వేసి ఉంది. ఏదో మీటింగు కోసం పొరుగూరు వెళ్ళిందట, సాయంత్రానికి గానీ రాదట. బాబాయ్ స్టోరుకి వెళ్ళి, కాఫీ గురించీ మోకాళ్ళ గురించీ ఎత్తకుండా, పెట్టె బల్ల మీద పెట్టాడు.

"ఇది పనికిరాదు బావగారూ. కొత్తది తెప్పించాలి. ఇవాళే ఆర్డరు పెట్టాలి."

వియ్యంకుడు పెట్టెని ముట్టుకోలేదు. "సీలున్న వస్తువు పనికిరాదా?"

"వాడకపోతే పోతుంది బావగారూ, బ్యాటరీ అంతే."

"నేను దాచిన వస్తువు పాడైపోయిందంటారు. పైన అందరికీ అలాగే చెబుతారన్నమాట. కానివ్వండి, మీరు చదువుకున్నవాళ్ళు." ఆ తర్వాత దస్త్రంలోకి తల దించేసుకున్నాడు. కుర్చీ తుడవమని ఎవరికీ పురమాయించలేదు.

మధ్యాహ్నం డయాలసిస్ గదివైపు నుంచి వస్తూ అమ్మాయి ఎదురైంది. నిన్న సగంలో ఆపిన డయాలసిస్ ఇవాళ మళ్ళీ చేస్తున్నారట. దుప్పటి కప్పే పని ఒక నర్సుకి అప్పగించి, పూటకి ఒక్కసారే వెళ్ళొస్తోందట.

"అత్తయ్యకి మీ సంగతి చెప్పాను బాబాయ్ గారూ. ఆవిడకి మనుషులంటే అంత తొందరగా నమ్మకం కుదరదు. నన్ను నమ్మడానికే నాలుగేళ్ళు పట్టింది. మీరు చెప్పారంటే మాత్రం, ఆయన పిల్లాపాపల్తో చల్లగా ఉండాలి అంది. సరిగ్గానే విన్నానా అని మళ్ళీ అడిగాను!"

ఆమె నవ్వింది. బాబాయ్ కూడా నవ్వబోయాడు. మొహం అందుకు సహకరించలేదు. అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కౌంటర్ దగ్గర ఎవరో అద్దం మీద తడుతుండటంతో ఆమె పరిగెత్తింది. ఆయన మళ్ళీ సర్వర్ గదిలోకి వెళ్ళి, పని లేకపోయినా డిస్కుల లాగ్ చదువుతూ కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, మావయ్యగారు మధ్యాహ్నం భోజనం సగంలో లేచిపోయారు. నువ్వేమైనా అన్నావా?"

"బ్యాటరీ పోయిందన్నాను."

"బ్యాటరీ పోయిందంటే భోజనం మానేస్తారా ఎవరైనా?"

"ఆయన దాచింది తల్లీ."

"ఈ ఇంట్లో పాత గొడుగు పుల్లలు కూడా గుడ్డలో చుట్టి దాస్తారు నాన్నా. నాకు తెలియదా? చూసి మాట్లాడు, సరేనా?"

ఫోన్ పెట్టాక భార్య అడక్కుండానే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. "వియ్యాలవారి దగ్గర మీ కంప్యూటర్ డబ్బా విద్య చూపించకండీ అని పెళ్ళినాడే చెప్పాను. ఏం, ఇంత మొహం చేసుకున్నారు?"

ఆయన మొత్తం చెప్పాడు. కౌంటరూ, అత్తగారి దుప్పటీ, తను చెప్పేశానన్న మాటా. చివరి మాట దగ్గర భార్య ఖాళీ గ్లాసు అందుకోబోయి ఆగింది.

"చెప్పకుండానే చెప్పానన్నారా? ఆ అమ్మాయి ఇంక ఎవరి కాళ్ళూ పట్టుకోదు కదండీ. అయిపోయిందనుకుంటుంది."

ఆయన పెద్ద డాక్టరమ్మకి విడమర్చి చెప్పిన పాఠం అదే. ఎంత నమ్మకంగా చెప్పాడో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

"మన పిల్ల సంగతి నేను చూసుకుంటాను," అంది భార్య. "అది అంత మెత్తనిదేం కాదు. మీరు రేపు వెళ్ళి చెప్పండి."

*

శనివారం పొద్దున పెద్ద డాక్టరమ్మ గదిలో వియ్యంకుడు ఇవాళా ఉన్నాడు. బల్ల మీద సంతకం కావలసిన కాగితాలు దొంతరగా ఉన్నాయి. ఒంటరిగా దొరకడం అనేది జరగదని బాబాయ్‌కి అర్థమైంది. నోరు తెరవబోయేసరికి ఆవిడే అంది:

"కూర్చోండి. నాకొక అనుమానం తీర్చాలి మీరు. నిన్న సాయంత్రం నేను కారు దిగుతుంటే ఆ టోకెన్లమ్మాయి వచ్చి దండం పెట్టింది. తన మాట నమ్మినందుకు థాంక్స్ అంది. ఆలస్యం తన వల్ల కాదనీ, వారం నుంచీ బ్యాటరీ పోతూ వస్తూ ఉందనీ, బొమ్మ ఎక్కే సందులోనే తను అత్తగారి దగ్గరికి వెళుతుందనీ మీరు నాకు విడమర్చి చెప్పారట. మీరు చెప్పినట్టు నాకు గుర్తే లేదు. నాకు వయసు మీదపడుతోందా?"

"లేదు మేడమ్," అన్నాడు బాబాయ్. కుర్చీలో కూర్చోలేదు. "మీ జ్ఞాపకం బాగానే ఉంది. నేనే చెప్పలేదు. చెప్పానని ఆమెతో అబద్ధమాడాను. ఆమె అన్నదంతా నిజం. ఇప్పుడు చెబుతున్నాను."

"అయితే ఆ నిజం మొన్న ఇక్కడికొచ్చి ఎందుకు చెప్పలేదు? వారం నుంచీ పోతూ ఉంటే కొత్త బ్యాటరీ ఎందుకు లేదు?"

బాబాయ్ వియ్యంకుడి వైపు చూడలేదు. "నెల కిందటే స్టోర్ ఆఫీసర్ గారిని అడిగాను మేడమ్. స్టోరులో ఒకటుంది, అది వాడాకే కొత్తదన్నారు. అది పెట్టి చూశాను, చచ్చిపోయింది."

కూతురి పెళ్ళయ్యాక ఆయన నోట బావగారు కాకుండా ఇంకో మాట రావడం అదే మొదలు. వియ్యంకుడు దెబ్బ తగిలినట్టు తలెత్తాడు. మొహం కందగడ్డలా అయింది.

"కంటికి రెప్పలా చూశాను మేడమ్!" అన్నాడు. "దుమ్ము పడనివ్వలేదు, తడి తగలనివ్వలేదు. తాళం నా దగ్గర తప్ప ఇంకొకరి చేతికివ్వలేదు. అల్మారాలో ఉంచితే చస్తుందని నాకెవరు చెప్పారు? ఒక్కరు చెప్పారా?"

ఆయన గొంతులో కోపం కంటే ఇంకేదో ఎక్కువుందని బాబాయ్‌కి తోచింది. గోడ అల్మారా, మెత్తని గుడ్డ, రెండు చేతులూ గుర్తొచ్చాయి.

"చెప్పలేదు," అన్నాడు. "అప్పుడప్పుడూ తీసి చార్జ్ చెయ్యాలని నాకు తెలుసు. సర్వర్ వచ్చిన రోజు ఆ పెట్టె ఈయన చేతికిచ్చి, జాగ్రత్తగా దాచండి అని మాత్రం చెప్పాను. నెల కిందట అనుమానం వచ్చినా అడగడానికి మొహమాటపడ్డాను. ఇందులో ఆయనది ఎంత ఉందో నాదీ అంతే ఉంది మేడమ్. ఆ అమ్మాయిది ఏమీ లేదు."

పెద్ద డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత దొంతరలోంచి ఒక కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి, పక్కనున్న చెత్తబుట్టలో వేసింది.

"ఆమె సీట్లోనే ఉంటుంది. కొత్త బ్యాటరీకి ఇవాళే మనిషిని పంపండి, వచ్చేదాకా నెమ్మదిగానే నడవనివ్వండి. జనం తిడితే నా గదికి పంపండి, నేను తింటాను." దొంతర సర్దుతూ ఆగింది. "ఆ పిల్లని అందరిలో అన్నాను. నేనూ ఒకసారి కిందికి రావాలి."

బయట మెట్ల దగ్గర వియ్యంకుడు రెండు మెట్లు ముందు దిగి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"ఏ రకమో ఏమిటో స్టోరుకొచ్చి రాసివ్వండి. ఎన్నాళ్ళకోసారి చార్జ్ చెయ్యాలో అది కూడా రాయండి."

బావగారూ అనలేదు. కానీ బాబాయ్ కూడా వచ్చి చేరేదాకా కింద మెట్టు మీద నిలబడే ఉన్నాడు.

కౌంటర్ ముందు జనం మెట్ల దాకా అలాగే ఉన్నారు. బాబాయ్ అద్దం పక్కగా వంగాడు.

"తల్లీ, నిన్ను ఎక్కడికీ పంపడం లేదు. మేడమ్ అన్నారు."

అమ్మాయి కళ్ళు మూసి తెరిచింది. చేతి వేళ్ళు బల్ల అంచుని పట్టుకుని వదిలాయి.

"ఇంకో మాట. మొన్న చెప్పేశానన్నాను చూడు. చెప్పలేదు. ఇవాళే చెప్పాను."

"తెలుసు బాబాయ్ గారూ."

బాబాయ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"నిన్న మేడమ్‌కి దండం పెట్టి థాంక్స్ అన్నానా, దేనికమ్మా అన్నట్టు చూశారు. ఆ చూపుకే అర్థమైపోయింది. మొదలుపెట్టాక వెనక్కి ఎలా పోతాను? బాబాయ్ గారు మీకు చెప్పారు కదా మేడమ్, బాబాయ్ గారు మీకు చెప్పారు కదా అంటూనే మొత్తం నేనే చెప్పుకున్నాను. స్టోరు సంగతి మాత్రం ఎత్తలేదు. మీ అమ్మాయి ఆ ఇంట్లో ఉంది కదా."

అమ్మాయి కీబోర్డు మీద ఎవరిదో పేరు కొట్టడం పూర్తిచేసి, గొంతు తగ్గించింది.

"చెప్పలేకపోయానమ్మా అని ఆ రోజే అని ఉంటే నాకు కోపం వచ్చేది కాదు. ఆ సాయంత్రమే నేనే మేడమ్‌కి ఎదురెళ్ళి నిలబడేదాన్ని. మీ మాట మీద ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. వారం తర్వాత అదే మొదటిసారి. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది."

"అమ్మా, నా బొమ్మ లోపలికెక్కిందా?" అని వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు.

ఆమె తెర వంక చూసింది. "ఇంకా లేదు పెద్దాయనా. కూర్చోండి, ఎక్కాక పిలుస్తాను." తర్వాత అద్దం మీద వేలితో మెల్లగా తట్టింది. "కొంచెం పక్కకి జరగండి బాబాయ్ గారూ. వెనకాలవాళ్ళకి నేను కనబడటం లేదు."

బాబాయ్ పక్కకి జరిగాడు.